పరివేష్ పోర్టల్: అటవీ అనుమతుల మీద కన్నేసేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

అటవీ భూమిని గనికో, రోడ్డుకో, కరెంటు లైనుకో ఇవ్వాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం ఒప్పుకోవాలి. 2018 ఆగస్టులో మొదలైన పరివేష్ పోర్టల్‌లోనే ఆ దరఖాస్తులు నడుస్తాయి. దరఖాస్తుదారుకు అది సింగిల్ విండో. అడవి ఎటు పోతోందో చూడాలనుకునేవాళ్లకు మాత్రం ఇది సగం తెరిచిన కిటికీ. ఫైలు కదులుతున్నంత కాలం అయిదుకు మూడు మార్కులు, అనుమతి వచ్చాక ఒకటే.

వెతకడానికి లాగిన్ అక్కర్లేదు, ప్రపోజల్ నంబరు ఉంటే చాలు. ఆ నంబరు ఎఫ్‌పీతో మొదలవుతుంది, అంటే అటవీ ప్రతిపాదన. తర్వాత రాష్ట్రం కోడు (టీజీ, ఏపీ), పని రకం (గని అయితే ఎంఐఎన్), వరుస నంబరు, చివర సంవత్సరం. నంబరు తెలియకపోతే అటవీ సలహా సంఘం, ప్రాంతీయ సాధికార కమిటీల అజెండాలు, మినిట్స్ తిరగేయండి, అక్కడ ఉంటుంది. పర్యావరణ అనుమతి ఫైలు వేరు, అటవీ అనుమతి ఫైలు వేరు. ఒకటి వచ్చిందంటే రెండోదీ వచ్చినట్టే అనుకుని మోసపోయేవాళ్లు చాలామంది.

ఫైలు దొరికాక అందరూ పార్ట్-1 చదివి ఆగిపోతారు. అది కంపెనీ రాసుకున్నది. అసలు సరుకు పార్ట్-2లో ఉంటుంది, అది జిల్లా అటవీ అధికారి (డీఎఫ్ఓ) నింపేది. అడవి సాంద్రత, జాతులవారీగా, చుట్టుకొలతవారీగా చెట్ల లెక్క, నేల కోతకు గురయ్యే అవకాశం, అరుదైన జంతువులు, మొక్కలు, అడిగిన విస్తీర్ణం నిజంగా అంత అవసరమేనా, అనుమతికి ముందే పని మొదలుపెట్టారా అన్న ప్రశ్నలన్నీ అందులోనే. ముందుగా సాంద్రత దగ్గర ఆగండి. పోయే అడవికి బదులుగా సర్కారుకు చెల్లించే నికర వర్తమాన విలువను, అంటే ఎన్‌పీవీని, ఆ సాంద్రతనూ అడవి తరగతినీ బట్టే లెక్కకడతారు. 2022 జనవరి సవరణ ప్రకారం హెక్టారుకు 9.57 లక్షల నుంచి 15.95 లక్షల రూపాయల దాకా ఉంది. పట్టిక అడుగు రేటుకూ పై రేటుకూ మధ్య వంద హెక్టార్లకు 6.38 కోట్ల తేడా. సాంద్రతను ఒక మెట్టు కిందికి రాస్తే సర్కారుకు వచ్చే సొమ్ము ఎలా తరుగుతుందో వేరే చెప్పాలా? అంతకు ముందరి ఫైళ్లకు పాత రేట్లు (4.38 నుంచి 10.43 లక్షలు) వర్తిస్తాయి కాబట్టి తేదీ చూసుకుని లెక్క వేయండి.

అడిగిన భూమి హద్దులుండే మ్యాప్ ఫైలు (కేఎంఎల్) చేతికి వస్తే గూగుల్ ఎర్త్‌లో తెరిచి, పాత సంవత్సరాల చిత్రాలతో పోల్చండి. హద్దు గీత వాగు మీదుగా వెళ్లిందా, 'పొదలు' అని రాసినచోట పచ్చగా కనిపిస్తోందా? చిత్రం ఏ నెలదో మర్చిపోవద్దు. మన ఆకురాల్చే అడవులు ఏప్రిల్‌లో బీడులాగే కనిపిస్తాయి. ఆ బొమ్మ చూపి వాదిస్తే అవతలివాళ్లు నవ్వేస్తారు.

గ్రామసభ తీర్మానాల ప్రతులు తప్పక అడగండి. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం సభకు సగం మంది సభ్యులు రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. సంతకాలు, వేలిముద్రలు లెక్కపెడితే సంగతి తేలిపోతుంది. నాలుగు ఊళ్ల తీర్మానాల్లో మాట కూడా మారకపోతే అనుమానించాల్సిందే.

పోర్టల్ బలహీనత షరతులతో ఇచ్చే తొలి దశ అనుమతి తర్వాత బయటపడుతుంది. షరతులు కనిపిస్తాయి, అవి నెరవేరాయో లేదో కనిపించదు. పోయిన అడవికి బదులు మొక్కలు పెంచే ప్రత్యామ్నాయ వనీకరణ లెక్కలకు ఈ-గ్రీన్ వాచ్ అనే వేరే సైటు ఉంది. అందులో ప్లాంటేషన్ హద్దులు తప్పుగా ఉంటే మొక్క చెరువులోనూ మొలుస్తుంది. అందుకే పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తు పెట్టక తప్పదు. 'మొక్కలు నాటారా' అని అడగొద్దు, 'నాటాం' అని ఒక్క ముక్క వస్తుంది. కంపార్ట్‌మెంట్ నంబరు, నాటిన నెల, జాతులు, బతికిన శాతం, ప్లాంటేషన్ జర్నల్ ప్రతి అని విడివిడిగా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు.

దరఖాస్తే లేని అడవికి పోర్టల్‌లో చోటు లేదు. కంచ గచ్చిబౌలి 400 ఎకరాలను రాష్ట్రం అడవిగా లెక్కించలేదు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరికివేత ఆపింది కానీ, అంతకు ముందు పరివేష్‌లో ఎంత గాలించినా హెచ్చరిక దొరికేది కాదు. అదే కోర్టు 1996 డిసెంబరు 12 తీర్పు ప్రకారం రికార్డుల్లో లేకపోయినా నిఘంటువు అర్థంలో అడవి అయితే అడవే. కాబట్టి రెవెన్యూ భూముల జాబితా కూడా దగ్గర ఉంచుకుని చూడాలి.

కేంద్రం తుది దశ అనుమతి పత్రం కనబడగానే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు పరిగెత్తేవాళ్లు ఒకటి గమనించాలి. అప్పీలు అటవీ సంరక్షణ చట్టం సెక్షన్ 2 కింద రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఉత్తర్వు మీద. గడువు 30 రోజులు, తగిన కారణం చూపితే ఇంకో 60. ఆ జీవో పరివేష్‌లో వెంటనే కనబడుతుందన్న భరోసా లేదు కాబట్టి, సచివాలయం అటవీ శాఖ జీవోల పేజీని వారానికోసారి చూడండి. తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచికి వెళ్తాయి.