ఫ్యామిలీ థెరపీ నేర్చుకోవాలంటే బెంగళూరా, ఆన్‌లైనా?

"అక్కా, బెంగళూరుకు పోవల్నా, ఆన్‌లైన్‌దే చేయల్నా? యాదో ఒకటి చెప్పు."

మా దగ్గర రెండేళ్ళుగా కౌన్సెలర్‌గా ఉన్న పిల్ల అడిగింది. సోషల్ వర్క్‌లో పీజీ, అదే ఎంఎస్‌డబ్ల్యూ అయింది, ఇక కుటుంబాలతో పనిచేయడం గట్టిగా నేర్చుకోవాలంటుంది. అనంతపురంలో ఆ కోరిక పుట్టకపోతేనే వింత. మా గదికి ఎవరూ ఒంటరిగా రారు. పేషెంట్ వెనకాలే అమ్మ, మేనమామ, చిన్నాయన కొడుకు. బయట బెంచీ మీద జేజి.

బెంగళూరు అంటే అక్కడి జాతీయ మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ లాంటి చోట సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎం.ఫిల్. రెండేళ్ళు పూర్తికాలం, అంటే ఉద్యోగం వదిలేయాల్సిందే. కానీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అని పిలిచేది ప్రధానంగా ఆ ఎం.ఫిల్ ఉన్నవాళ్ళనే. యూజీసీ 2022 నిబంధనలతో ఎం.ఫిల్‌ని ఎత్తేసి, ఈ కోర్సుకూ క్లినికల్ సైకాలజీకీ మాత్రం 2025-26 వరకు గడువిచ్చింది. కాబట్టి అప్లై చేసేముందు డిగ్రీ పేరు ఏమైందో కనుక్కోవాలి. అక్కడ ఫ్యామిలీ థెరపీ చదువులో ఒక భాగమే. అయినా వార్డులో రోజూ కుటుంబాలు కళ్ళముందుంటాయి, కొన్ని మన భాషలోనే ఏడుస్తాయి.

రెండోది ఆన్‌లైన్‌లో అమెరికా దారి. ముర్రే బోవెన్ అనే సైకియాట్రిస్టు 1954 నుంచి అక్కడి జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో కుటుంబాలకు కుటుంబాలనే వార్డులో ఉంచి గమనించాడు. 1959లో వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ యూనివర్సిటీకి మారి, నేర్చుకునేవాళ్ళను ముందు తమ ఇంటివైపు తిప్పాడు. మూడు తరాల పటం గీయాలి, సొంత ఇంట్లో తన పాత్ర మార్చుకుని చూడాలి. వాషింగ్టన్‌లో ఉదయం తొమ్మిది మనకు చలికాలం రాత్రి ఏడున్నర, కాబట్టి ఉద్యోగం పోదు. ఫీజు మాత్రం డాలర్లలో. ఆ సర్టిఫికెట్ చూపిస్తే ఇక్కడ ఏ రిజిస్ట్రేషనూ రాదు.

ఈ పద్ధతిలో నేనొక చిన్న ఆన్‌లైన్ కోర్సు చేశాను. ఒక కేసు పటం గీశాను: మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు గుండ్రం, రక్తసంబంధంలో పెళ్ళికి రెండు గీతలు. అక్క కూతురిని చేసుకున్న మనిషి. పెళ్ళాం అలిగి అమ్మకు ఫోన్ చేస్తే, అటునుంచి తిట్టేది అత్తా, అక్కా? అత్త అయితే ఎదురు చెప్పేవాడే. చంకనెత్తుకుని పెంచిన అక్క ముందు నోరు లేవదు, రాత్రికి తాగి వస్తాడు. ఇద్దరి మధ్య టెన్షన్ పెరిగితే మూడో మనిషిని లాగుతారని బోవెన్ చెప్పిన త్రికోణం ఇదే, కాకపోతే మన దగ్గర ఒక్కో మూలలో ఇద్దరేసి మనుషులుంటారు. ఆ రెండు గీతల సంగతి అవతలి టీచర్‌కు చెప్పేసరికి ఇరవై నిమిషాలు అయిపోయాయి. గంటకు డబ్బు కట్టేది నేను! బెంగళూరులో అయితే ఆ ముక్క వివరించాల్సిన పనే లేదు.

అంతమాత్రాన ఆ కోర్సు దండగ అనను. నా సొంత పటం గీసినప్పుడు తెలిసింది, నాయనకూ చిన్నాయనకూ మధ్య పొలం మాటలు పదేళ్ళుగా నేనే మోస్తున్నానని. తర్వాతి ఆదివారం ఊరికి పోయి, "ఆ మాట నువ్వే చిన్నాయనకు చెప్పు నాయనా" అన్నాను. ఆయన పళ్ళెంలో సంగటి అట్లే వదిలేసి లేచాడు. నాకు చెయ్యి వణికింది. మరుసటి రోజు నుంచి క్లయింట్ ఇంట్లో కబుర్లు మోసే పిల్లను చూసే చూపు మారింది నాకు. క్లాసులో నోట్సు రాసుకుంటే అది వచ్చేది కాదు.

రెండు రోజుల వర్క్‌షాపులూ ఉన్నాయి. భోజనం, గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్. వాటి గురించి ఇంతే.

ఆ పిల్లకు ఇంకా ఎం.ఫిల్ లేదు, పెళ్ళి కాలేదు, రైలెక్కితే బెంగళూరు నాలుగైదు గంటలు. ముందు అక్కడికే పొమ్మన్నాను. ఎం.ఫిల్ చేసి ఉద్యోగంలో కుదురుకున్నవాళ్ళు అడిగితే మాత్రం రెండోదే చెబుతాను. దాంతోపాటు నెలకోసారైనా మన చుట్టరికాలు తెలిసిన సీనియర్ దగ్గర కేసులు పెట్టుకోవాలి.

"సరే అక్కా" అని ఓపీ చీటీ వెనక గీతలు మొదలుపెట్టింది. చదరం, గుండ్రం, మళ్ళీ చదరం. కువైట్‌లో ఉన్న అన్న దగ్గరికొచ్చి పెన్ను ఆగింది. "మాట్లాడి మూడేండ్లు అయింది" అంది. పక్కనే ఫోన్ పెట్టుకుని, ఆ సమయానికి అక్కడ ఎంతైందో లెక్కేసుకుంటోంది.