కృష్ణ ఒడ్డున ఇల్లు వెతికేవాళ్లకు మూడు సర్కారు సైట్లు: ఎంతవరకు నమ్మొచ్చు?

ఉండవల్లి, పెనుమాక, గుంటుపల్లి, ఇబ్రహీంపట్నం. విజయవాడ ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఈ వరసలో మంచి ఇల్లు అమ్మకానికి వచ్చిందంటే సాయంత్రానికల్లా నలుగురు చూసి వెళ్తారు. "రేపటికి ఉండదండీ, టోకెన్ ఇచ్చేయండి" అని మధ్యవర్తి తొందరపెడతాడు. ఆ ఒక్క రాత్రిలో ఇంట్లో కూర్చుని చూసుకోడానికి ఐజీఆర్‌ఎస్ (రిజిస్ట్రేషన్ల శాఖ), మీభూమి (భూమి రికార్డులు), ఏపీ రెరా (కొత్త వెంచర్లు, బిల్డర్ల మీద నియంత్రణ సంస్థ) సైట్లు ఉన్నాయి. మూడూ వాడి తీరాల్సినవే. అయితే అవి కాగితం సంగతే చెబుతాయి, ఏటి సంగతి చెప్పవు.

ఐజీఆర్‌ఎస్‌లో ముందు చూడాల్సింది ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) కాదు, నిషేధిత ఆస్తుల జాబితా. మన సర్వే నంబరు ఆ జాబితాలో (రిజిస్ట్రేషన్ చట్టంలోని సెక్షన్ 22ఏ కింద పెట్టేది) ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు, ఇక మిగతావి చూసే పనే లేదు. ఏటి ఒడ్డున, లంకల్లో పోరంబోకు (సర్కారువి), అసైన్డ్ (సర్కారు పేదలకిచ్చినవి) భూములు తగులుతుంటాయి. అసైన్డ్ భూముల బదిలీని కట్టడి చేస్తూ 1977లోనే చట్టం వచ్చింది. "నోటరీ మీద రాసిస్తాం" అన్న మాట వినపడితే బేరం అక్కడితో వదిలేయండి.

తర్వాత ఈసీ. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించుకోవాలి. ఎక్కువమంది పొరపాటు పడేది సర్వే నంబరు దగ్గరే. అమ్మేవారు 45/2ఏ అంటే అదొక్కటే కొట్టి ఊరుకుంటారు. సబ్‌డివిజన్ కాకముందు రాసిన దస్తావేజులు 45 మీదో, 45/2 మీదో ఉంటాయి. మూడూ విడివిడిగా వెతకాలి, ఇంటి నంబరు మీద మరోసారి చూడాలి. అంతా చేసి ఈసీ శుభ్రంగా వచ్చినా రిజిస్టరు కాని అగ్రిమెంటు, వీలునామా అందులో కనిపించవు. అసలు దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు కూడా, రిజిస్టరు చేయించకపోతే, అందులోకి ఎక్కదు. అందుకే బయానాకు ముందు జిరాక్సులు కాదు, అసలు లింకు డాక్యుమెంట్లే (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) చూపించమనాలి.

మీభూమిలో 1బీ (భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రికార్డు), అడంగల్ (సాగు రికార్డు) కంటే ఎఫ్ఎంబీ పటం (సర్వే నంబరు హద్దులు, కొలతలు చూపేది) విలువైనది. దాన్ని ప్రింటు తీసుకెళ్లి సర్వేయరుతో కొలిపించండి. సెంటుకు 48.4 గజాలు, అంటే 5 సెంట్లకు 242 గజాలే. నోటిలెక్కలో అది 250 అయిపోతుంది, ధర కూడా దాని మీదే కడతారు. గ్రామకంఠంలోని (ఊరి నివాస స్థలంలోని) ఇళ్లకు 1బీ ఉండదు కాబట్టి అక్కడ ఈ సైటు సాయం తక్కువ. ఇంటి పన్ను రసీదులు, పాత దస్తావేజులే ఆధారం.

రెరా సైటు పాత విడి ఇంటికి పనికిరాదు. కొత్త విల్లా వెంచరైతే మాత్రం అనుమతి పొందిన లేఅవుట్ పటం దించుకుని, ఏటి వైపు ఏ ప్లాట్లు వదిలారో చూడండి. రెరా చట్టం ప్రకారం రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ప్రమోటరు 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. తొందరపెట్టేవారికి చెప్పడానికి ఇంతకన్నా గట్టి జవాబు లేదు. విడి ఇల్లయితే టోకెన్ రసీదు మీదే "22ఏ, ఈసీ, లింకు డాక్యుమెంట్లలో తేడా వస్తే సొమ్ము వాపసు" అని రాయించుకోండి.

ఇక నీళ్లు. 2017 భవన నిర్మాణ నియమాల ప్రకారం నది హద్దు నుంచి పట్టణ పరిధిలో 50 మీటర్లు, బయట 100 మీటర్లు వదలాలి. ఇల్లు కరకట్టకు ఏ పక్కన ఉందన్నది అన్నిటికంటే ముందు అడగండి. ఏటి పక్కనుంటే ధర ఎంత తగ్గించినా మా సలహా వద్దనే. (సరస్సు కోసం కొల్లేరు వైపు చూసేవాళ్లకూ ఇదే మాట: అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలిదంతా 1999 నుంచి అభయారణ్యం.)

2024 సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. ఆనాటి నీటి గీత ఎక్కడిదాకా వచ్చిందో ఇరుగుపొరుగును అడగండి. కొత్త రంగు వేసిన ఇంట్లో బీరువా వెనక గోడ, మెట్ల కింద మూల, కరెంటు మీటరు పెట్టె లోపల చూడండి. అక్కడ రంగు వేయడం మర్చిపోతారు. వాగు పక్కనైతే ఏరు పొంగినప్పుడు నీరు వెనక్కి తంతుంది, సెప్టిక్ ట్యాంకు నుంచి మురుగు బాత్‌రూముల్లోకి ఎక్కుతుంది. ట్యాంకు మూత ఎత్తు వీధి కంటే పైన ఉందో లేదో అడుగుల టేపుతో కొలిచాకే ధర మాట్లాడండి.