రాక కార్డా, వీడ్కోలు సర్వేనా?

విదేశీయులు ఒక దేశానికి ఎందుకు వస్తున్నారో, ఆ కారణాలు ఏళ్ల తరబడి ఎలా మారుతున్నాయో లెక్కగట్టడానికి దారులు ప్రధానంగా రెండు: దిగగానే నింపించే కార్డు, తిరిగి వెళ్లేటప్పుడు కొందరిని ఆపి అడిగే సర్వే.

ఖర్చు: కార్డు సరిహద్దు తనిఖీలో భాగమే, అదనపు భారం తక్కువ. సర్వేకు శిక్షణ పొందిన సిబ్బంది కావాలి.

శ్రమ: కార్డుతో ప్రయాణికుడికి, సర్వేతో గణాంక శాఖకు.

అసలు తేడా నమ్మకంలో ఉంది. అధికారి ముందు నిలబడ్డవారు వీసాకు సరిపోయే కారణమే రాస్తారు. అక్క కాన్పుకు వచ్చినవారు కూడా 'విహారం' గడిలో టిక్కు పెట్టేస్తారు (వారిని తప్పుపట్టలేం, వెనుక క్యూ ఉంటుంది). ఐక్యరాజ్యసమితి 2008 సిఫారసుల ప్రకారం, ఏది లేకపోతే ఆ ప్రయాణమే జరిగేది కాదో అదే ముఖ్య కారణం. అంత సూక్ష్మం ఒక గడిలో ఇమడదు, ఎదురుగా అడిగితేనే బయటపడుతుంది. బ్రిటన్ 1961లోనే ఇలాంటి సర్వే మొదలుపెట్టింది.

సర్వేకున్న చిక్కు నమూనా, అంటే అందరినీ కాక కొందరినే అడగడం. వైద్యం, తీర్థయాత్ర వంటి చిన్న వర్గాల్లో ఒక ఏడాది పెరుగుదల నిజమో, నమూనా వల్ల వచ్చిన తేడానో చెప్పడం కష్టం.

చిన్న వర్గాలు, నెలవారీ అంకెలు కావాలంటే కార్డు. కారణంతోపాటు ఖర్చు, బస వివరాలూ కావాలంటే సర్వే. దశాబ్దాల ధోరణి చూడాలంటే నేనైతే సర్వేనే ఎంచుకుంటాను, మధ్యలో ప్రశ్న మార్చలేదని తేలితేనే.