అతుక్కుపోయిన మోకాలికి మార్పిడి శస్త్రచికిత్స: 18 నెలల తర్వాత నా అభిప్రాయం

నాకు 11 ఏళ్ల వయసులో కీలులో చీము పట్టి, తొడ ఎముక, కాలి ఎముక ఒకటిగా అతుక్కుపోయాయి. ఆ ఎడమ మోకాలికి 29 ఏళ్ల తర్వాత మార్పిడి శస్త్రచికిత్స చేయించుకున్నాను. తొలి నెలల ఉత్సాహం, ఆ తర్వాతి నిస్పృహ రెండూ సద్దుమణిగాక, 18 నెలలకు ఈ సమీక్ష రాస్తున్నాను. అరిగిన మోకాళ్లకు చేసే మామూలు మార్పిడి వేరు, ఇది వేరు. ఆ అనుభవాలు చదివి నాలాంటివారు ఆశలు పెంచుకోవడం మంచిది కాదు.

ఈ ఆసుపత్రిలో నాకు బాగా నచ్చింది ఆపరేషన్‌కు ముందు జరిగిన సంభాషణ. సర్జన్ ఎక్స్‌రే కంటే ముందు నా మోకాలి మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లాగి చూశారు. పాత కుట్ల మచ్చ దగ్గర అది ఎముకకు అంటుకుని కదలలేదు. ఆ తర్వాత తొడ కండరాన్ని బిగించమని చెప్పి, దాని మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచారు. కృత్రిమ కీలు వంగగలదు గానీ కాలిని చాచి నిలబెట్టవలసింది ఆ కండరమేనని, ఏళ్ల తరబడి పని లేని కండరం పూర్తి బలం పుంజుకోకపోవచ్చని, సాగడం మరచిన చర్మం కోత అంచున నల్లబడి చచ్చిపోయే ప్రమాదం ఉందని, పాత ఇన్ఫెక్షన్ తిరగబెట్టవచ్చని ఒక్కొక్కటిగా వివరించారు. అంతా విఫలమైతే కీలును మళ్లీ అతికించవలసి వస్తుందని, అరుదుగా కాలినే కోల్పోయే పరిస్థితి కూడా రావచ్చని దాచకుండా చెప్పారు. “మీకు మోకాలిలో నొప్పి లేదు. నొప్పి లేని కాలిని కోయాలంటే నేను ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను” అన్నారు. నా బాధ మోకాలిది కాదు, నడుముది. వంగని కాలిని ప్రతి అడుగుకూ తుంటి ఎత్తి పక్కనుంచి తిప్పి వేయడం వల్ల వచ్చిన నొప్పి అది.

ఆపరేషన్‌లో ఎముకను కోసి కీలుకు చోటు చేశారు, తొడ ఎముకకు అంటుకున్న చిప్పను విడదీశారు, చిప్ప కింది స్నాయువు అంటి ఉండే ఎముక ముక్కను ఎత్తి చివర్లో స్క్రూలతో బిగించారు. ఎముకలను పక్కల నుంచి పట్టి ఉంచే లిగమెంట్లు నమ్మదగినవి కావు గనుక, తలుపు బందులాంటి అమరిక ఉన్న ఇంప్లాంట్ (కృత్రిమ కీలు) పెట్టారు. (అందరూ దీన్ని ‘చిప్పల మార్పిడి’ అంటారు గానీ, నా చిప్ప నాకే ఉంది.)

ఇక ఫలితం. ఆపరేషన్ బల్ల మీద 95 డిగ్రీలు వంగిన మోకాలు ఆరు వారాలకు 55కు పడిపోయి, ఇప్పుడు 80 దగ్గర నిలిచింది. చదునైన నేల మీద నడవడానికి సుమారు 65 డిగ్రీలు చాలు; మెట్లకు, కుర్చీలోంచి లేవడానికి 80 నుంచి 100 దాకా కావాలి. అందువల్ల నడక హాయిగా ఉంది, మెట్లు ఎక్కగలను, దిగేటప్పుడు మాత్రం పక్కనున్న రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించాలి. కూర్చుని కాలు చాచితే చివరి పది డిగ్రీలు సొంత బలంతో రావు. నేల మీద కూర్చోవడం కుదరదు. నడుము నొప్పి చాలావరకు పోయింది. ఎడమ కాలికి మేజోడు నేనే తొడుక్కోలేని రోజులు పోయాయి. బస్సులో నా కాలిని దాటుకుంటూ ఎవరూ విసుక్కోవడం లేదు.

నా ఫిర్యాదు ఆపరేషన్ తర్వాతి సేవల మీద. రెండో వారంలో కోత అంచున బొటనవేలి గోరంత చర్మం నల్లబడితే, ఫోన్ చేసిన నాకు మరునాటి ఉదయం దాకా సమాధానం రాలేదు. ఆ పుండు మానేవరకు వంచే వ్యాయామాలు ఆపవలసి వచ్చింది, పోగొట్టుకున్న డిగ్రీల్లో కొన్ని అక్కడే పోయాయని నా అనుమానం. ఫిజియోథెరపీ విభాగంవారు మామూలు మార్పిడి రోగులకు ఇచ్చే కాగితాన్నే నా చేతిలో పెట్టారు. రెండు వారాలకే 90 డిగ్రీలు వంగాలని అందులో ఉండటంతో నేను హడలిపోయాను. వచ్చిన ప్రతిసారీ కొత్త మనిషి, కొలత కంటిచూపుతోనే: ఒకే వారంలో ఒకరు 60 అన్నారు, మరొకరు 75 అన్నారు. నాలుగో నెలలో వచ్చిన ఫిజియోథెరపిస్ట్ మాత్రం ప్రతిసారీ గోనియోమీటర్ (కీలు వంగిన కోణాన్ని కొలిచే పరికరం) ఆనించి, అంకెను నా చేతే పుస్తకంలో రాయించారు. 55 నుంచి 80కి వచ్చిన ప్రయాణం అంతా ఆమె చేతుల మీదే సాగింది.

మోకాలు తిన్నగా అతుక్కుని, నడుమూ తుంటీ బాగుండి, పనులు సాగిపోతున్నవారికి నేను దీన్ని సిఫారసు చేయను. వంకరగా అతుక్కున్నవారు, నడుము దెబ్బతింటున్నవారు, తొడ కండరం బిగించగలిగితే, ఇలాంటి మోకాళ్లకు ఇదివరకు చేసిన సర్జన్‌నే వెతికి అడగాలి. సర్జన్‌కు ఐదుకు ఐదు. అనంతర సేవలకు ఐదుకు రెండు, ఆ రెండూ గోనియోమీటర్ పట్టుకున్న ఆమెవే.