ఎండీసీ డ్రమ్ము: సరుకు బాగుంది, లేబులు చాలదు

పటాన్‌చెరు, జీడిమెట్ల మొదలుకొని విశాఖపట్నం దగ్గరి పరవాడ దాకా ఏ బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్‌లో పనిచేసిన వారికైనా ఎండీసీని పరిచయం చేయనక్కరలేదు. ఇన్వాయిస్ మీద మిథిలీన్ డైక్లోరైడ్ అనీ, కెమిస్ట్రీ పుస్తకంలో డైక్లోరోమీథేన్ అనీ కనిపించే ఈ సాల్వెంట్ (ఇతర పదార్థాలను కరిగించే ద్రవం) షాప్ ఫ్లోర్ మీద మాత్రం ఎండీసీయే. ఇక్కడ నేను సమీక్షిస్తున్నది ఆ ద్రవం ఒక్కదాన్నే కాదు. డ్రమ్ము, దాని మీది లేబులు, దానితో వచ్చే సేఫ్టీ డేటా షీటు, వీటన్నింటినీ కలిపి ఒక సరుకుగా చూస్తున్నాను. ఎందుకంటే పర్చేజ్ విభాగం డబ్బు చెల్లించేది ద్రవానికే అయినా, డ్రమ్ము మూత విప్పే మనిషి ప్రాణం ఆధారపడేది ఆ లేబులు మీద, ఆ షీటు మీద. ఏ ఒక్క సరఫరాదారునో తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు కనుక పేర్లు రాయడం లేదు.

ముందుగా ద్రవం సంగతి. పనితనంలో దీనికి వంక పెట్టడం కష్టం. మరిగే ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కాబట్టి వేడికి తట్టుకోలేని ఇంటర్మీడియట్‌ను (మందు తయారీలో మధ్య దశ పదార్థాన్ని) కూడా చెడగొట్టకుండా డిస్టిల్ చేసుకోవచ్చు. సాంద్రత 1.33 కాబట్టి ఎక్స్‌ట్రాక్షన్‌లో, అంటే కావలసిన పదార్థాన్ని నీటిలోంచి సాల్వెంట్‌లోకి లాగేటప్పుడు, నీటి అడుగున చేరుతుంది. కావలసిన పొర కిందనే ఉండడం వల్ల రియాక్టర్ బాటమ్ వాల్వ్ నుంచి దాన్ని ముందుగా దించుకోవచ్చు. మామూలు పరీక్షలో ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనీస ఉష్ణోగ్రత) కనబడదు. మంచి గ్రేడు సరుకులో తేమ, ఆమ్లత్వం స్పెసిఫికేషన్‌లోనే ఉంటాయి. తయారైన మందులో మిగిలిపోయే అవశేషానికి ఐసీహెచ్ అనే అంతర్జాతీయ ఔషధ ప్రమాణాల సంస్థ మార్గదర్శకాలు దీన్ని రెండో తరగతిలో చేర్చి 600 పీపీఎం (పది లక్షల భాగాలలో 600 భాగాలు) పరిమితి పెట్టాయి. ఇంత తేలికగా ఆవిరయ్యే సాల్వెంట్‌కు ఆ పరిమితిని అందుకోవడం సాధారణంగా సమస్య కాదు. ద్రవం వరకు చూస్తే నేను నిస్సంకోచంగా పూర్తి మార్కులు వేస్తాను.

ఇక లేబులు. ప్రమాదాల వర్గీకరణకు ఐక్యరాజ్యసమితి 2003లో ప్రచురించిన జీహెచ్‌ఎస్ పద్ధతినే మనకు వచ్చే డ్రమ్ములలో చాలావాటి లేబుళ్లు అనుసరిస్తున్నాయి. ఆ పద్ధతిని చట్టంగా మార్చుకున్న ఐరోపా సమాఖ్య తన 2008 నాటి సీఎల్‌పీ (రసాయనాల వర్గీకరణ, లేబులింగ్) నిబంధనలో, సభ్య దేశాలన్నింటికీ వర్తించే ఉమ్మడి వర్గీకరణగా ఎండీసీకి ఇచ్చింది ఒకే ఒక్క పంక్తి: కార్సినోజెన్ కేటగిరీ 2, హెచ్351 అనే హెచ్చరిక కోడ్, అంటే క్యాన్సర్ కలిగించవచ్చునని అనుమానం. చర్మానికి మంట, కళ్లకు మంట, మగత, తలతిరుగుడు, పదేపదే తగిలితే అవయవాలకు హాని అనే మిగిలిన పంక్తులను సరఫరాదారులు తమ దగ్గరున్న సమాచారాన్ని బట్టి సొంతంగా చేర్చుకోవాలి. అందుకే ఇద్దరు సరఫరాదారుల షీట్లను పక్కపక్కన పెట్టి, ప్రమాదాలను చెప్పే రెండో విభాగాన్ని చదివితే ఒకే రసాయనానికి ఒకచోట ఒక్క పంక్తి, మరొకచోట అయిదు పంక్తులు కనబడతాయి. అయిదు పంక్తులున్న షీటు ఇచ్చిన వారి సరుకు ఎక్కువ ప్రమాదకరమైనదని కాదు; వారు ఎక్కువ శ్రద్ధగా రాశారని అర్థం. కొనుగోలు సమయంలో నేను మొదట చూసేది ఇదే.

అసలు చిక్కు ఈ పంక్తులన్నీ కలిపినా తీరదు. లేబులు మీద పెద్ద అక్షరాలలో వేసే సంకేత పదం రెండు రకాలు: ఎక్కువ తీవ్రతకు ‘డేంజర్’, తక్కువ తీవ్రతకు ‘వార్నింగ్’. ఎండీసీ మీద పడే వర్గాలన్నీ ‘వార్నింగ్’ స్థాయివే. పక్క వరుసలో ఉన్న అసిటోన్ డ్రమ్ము మీద, ఇథైల్ అసిటేట్ డ్రమ్ము మీద మాత్రం ‘డేంజర్’ అని ఉంటుంది, ఎందుకంటే అవి సులువుగా అంటుకుంటాయి. సాల్వెంట్ యార్డులో ఈ మూడు డ్రమ్ములనూ వరుసగా చూసిన కొత్త హెల్పర్‌కు కలిగే అభిప్రాయం ఏమిటో ఊహించుకోవచ్చు: మంటకు భయపడనక్కరలేని, మూడింటిలోనూ మెత్తనిదైన సాల్వెంట్ ఎండీసీయే అని. పీల్చే గాలి విషయంలో చూస్తే వాస్తవం సరిగ్గా తలకిందులుగా ఉంది. వర్గీకరణలో నియమం ఎక్కడా తప్పలేదు; నియమాన్ని అక్షరాలా పాటించగా వచ్చిన ఫలితమే ఇది.

ఎందుకిలా అవుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. జీహెచ్‌ఎస్‌లో పీల్చడం వల్ల కలిగే తీవ్ర విషత్వాన్ని ప్రయోగశాల జంతువులలో సగాన్ని చంపే గాఢతతో కొలుస్తారు. ఆవిరి విషయంలో నాలుగో కేటగిరీకి పై హద్దు లీటరు గాలికి 20 మిల్లీగ్రాములు. ఎలుకల మీద ఎండీసీకి వచ్చిన విలువలు ఆ హద్దుకు చాలా పైన ఉన్నాయి కనుక ఆ వర్గంలో అది అసలు చేరదు. ఆ కొలబద్ద చూసేది ఎంత మోతాదు చంపుతుందన్నదే. ఆ మోతాదును డ్రమ్ము ఎంత త్వరగా గదిలోకి వదులుతుందన్నది దాని లెక్కలోకి రాదు. 20 డిగ్రీల దగ్గర ఎండీసీ ఆవిరి పీడనం సుమారు 47 కిలోపాస్కల్స్, అంటే మూసిన పాత్రలో ద్రవం పైన ఉన్న గాలిలో దాదాపు సగం ఎండీసీయే. ఒక లీటరు ద్రవం పూర్తిగా ఆవిరైతే సుమారు 375 లీటర్ల ఆవిరి అవుతుంది. అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తు ఉండి గాలి ఆడని గదిలో ఆ ఒక్క లీటరు ఒలికినా గాఢత 3,700 పీపీఎం దాటుతుంది. ప్రాణానికి తక్షణ ప్రమాదమని అమెరికాలోని కార్మిక ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ నిర్ణయించిన స్థాయి 2,300 పీపీఎం. పైగా ఈ ఆవిరి గాలికంటే సుమారు మూడు రెట్లు బరువైనది కాబట్టి గదంతా సమంగా పరుచుకోదు. రియాక్టర్ లోపల, డంప్ ట్యాంకులలో, పంపు గుంతలలో అడుగుననే నిలుస్తుంది.

మన ఎండాకాలం దీనికి తోడవుతుంది. మే నెలలో పటాన్‌చెరు యార్డులో నీడలోనే 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి; అది ఈ ద్రవం మరిగే ఉష్ణోగ్రత. నీడలేని చోట నిలబెట్టిన డ్రమ్ము పైమూత కొద్దిగా ఉబ్బి, తడితే బిగుతుగా తగులుతుంది. ఆ స్థితిలో బంగ్ మూతను (డ్రమ్ము పైనున్న మర మూతను) ఒక్కసారిగా తిప్పితే ముందు చీదినట్టు శబ్దం వచ్చి, వెనువెంటనే ఆవిరితో పాటు ద్రవపు తుంపర ముఖం ఎత్తుకు లేస్తుంది. డ్రమ్మును నీడకు చేర్చి చల్లబడనివ్వాలి, చిన్న మూతను పావు వంతు మాత్రమే తిప్పి పీడనం పోయేదాకా ఆగాలి, ముఖాన్ని మూత మీదికి వంచకూడదు. నేను చదివిన షీట్లన్నింటిలోనూ ‘చల్లని, గాలి ఆడే చోట నిల్వ చేయండి’ అని ఉంది. 40 డిగ్రీల ఎండలో ఏమవుతుందో చెప్పిన షీటు మాత్రం ఒక్కటీ నాకు కనబడలేదు. మన ప్రాంతానికి సరుకు అమ్మేవారు నిల్వ, వాడకం గురించిన ఏడో విభాగంలో ఈ ఒక్క వాక్యం చేర్చడం అత్యవసరం.

ఈ ప్రమాదం కాగితం మీది లెక్క కాదు. 1980 నుంచి 2018 వరకు అమెరికాలో ఎండీసీ వల్ల 85 మంది చనిపోయినట్టు అక్కడి పరిశోధకులు లెక్కతేల్చారు. వారిలో అత్యధికులు పనిలో ఉండగా పోయినవారే. స్నానపు తొట్ల పాత పెయింటు గీకడానికి ఈ సాల్వెంట్ కలిసిన స్ట్రిప్పర్‌ను చిన్న బాత్‌రూమ్‌లో వాడి, తొట్టి మీదికి వంగిన మనిషి అలాగే ఒరిగిపోయిన ఘటనలు అందులో ఉన్నాయి. ఐరోపా సమాఖ్య పెయింట్ స్ట్రిప్పర్లలో దీన్ని కట్టడి చేసింది. 2024 మేలో అమెరికా పర్యావరణ సంస్థ అంతిమ నిబంధన తెచ్చి, వినియోగదారుల వాడకాన్నీ పరిశ్రమలలో చాలా వాడకాలనూ నిషేధించి, అనుమతించిన చోట్ల ఎనిమిది గంటల సగటును 2 పీపీఎం దగ్గర, పదిహేను నిమిషాల పరిమితిని 16 పీపీఎం దగ్గర నిలిపింది. అంతకు ముందు, 1997 నుంచి, అక్కడి కార్మిక భద్రతా సంస్థ ఓషా పరిమితి 25 పీపీఎం. ఈ ద్రవపు తియ్యటి వాసన చాలామందికి తెలిసేది సుమారు 200 పీపీఎం దగ్గర. అంటే వాసన వచ్చేసరికే హద్దు ఎప్పుడో దాటిపోయింది; కాసేపు ఆ గాలిలో ఉంటే ఆ వాసన కూడా తెలియడం మానేస్తుంది. వాసనను హెచ్చరికగా నమ్మకూడదన్న మాట నేను చూసిన షీట్లలో ఎక్కడో విషత్వ సమాచారముండే పదకొండో విభాగంలో చిన్న అక్షరాలలో ఉంది. దాని చోటు అది కాదు.

క్యాన్సర్ వర్గం విషయంలోనూ చదివేవారు పొరబడే అవకాశం ఉంది. జీహెచ్‌ఎస్‌లో అంకె చిన్నదైన కొద్దీ తీవ్రత, రుజువు ఎక్కువ. కేటగిరీ 2 అంటే అనుమానం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2014లో ఎండీసీని గ్రూప్ 2ఎలో పెట్టింది. దాని అర్థం బహుశా క్యాన్సర్ కారకమని. రెండింటిలోనూ ‘2’ కనబడినంత మాత్రాన అవి ఒకటి కావు. 2ఎ ఒక మెట్టు బరువైనది. ఆ నిర్ణయం వెనుక జపాన్‌లోని ఒసాకా అనుభవం ఉంది. అక్కడి ఒక ఆఫ్‌సెట్ ప్రూఫ్ ప్రింటింగ్ సంస్థలో ఇంకును తుడిచే సాల్వెంట్లతో ఏళ్లతరబడి పనిచేసిన యువ కార్మికులకు పిత్తవాహిక క్యాన్సర్ వచ్చిన సంగతి 2012లో వెలుగులోకి వచ్చింది. ప్రధాన దోషిగా 1,2-డైక్లోరోప్రొపేన్ తేలి గ్రూప్ 1లో (క్యాన్సర్ కారకమని రుజువైన వాటిలో) చేరింది; ఆ కార్మికులలో పలువురు ఎండీసీని కూడా పీల్చారు. కాబట్టి లేబులు మీది ‘అనుమానం’ అనే మాటను తేలికగా తీసుకునే పరిస్థితి లేదు.

లేబులు అసలు చెప్పని మరో సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. శరీరంలోకి వెళ్లిన ఎండీసీలో కొంత భాగం కాలేయంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారి, రక్తంలోని హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. కొవ్వులో నిలిచిన ఎండీసీ నెమ్మదిగా విడుదలవుతూ ఉంటుంది కాబట్టి మనిషిని బయటి గాలిలోకి తెచ్చిన తరువాత కూడా ఆ స్థాయి పెరగవచ్చు. గుండె జబ్బు ఉన్నవారికి, పొగతాగే వారికి ఇది మరీ ప్రమాదం. కోవిడ్ తరువాత ప్రతి యూనిట్ ప్రథమ చికిత్స గదిలోనూ వేలికి తగిలించే ఆక్సీమీటర్ ఉంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ ఉన్నదానిగానే చూపిస్తుంది. అంకె 98 చూపించిందని తలనొప్పితో ఉన్న హెల్పర్‌ను తిరిగి డ్యూటీకి పంపకూడదు. ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు డేటా షీటు వెంట తీసుకెళ్లి, కార్బాక్సీహీమోగ్లోబిన్ (కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్) పరీక్ష చేయమని డాక్టరుగారిని అడగాలి.

రక్షణ సామగ్రి గురించిన ఎనిమిదో విభాగంలో చాలామంది సరఫరాదారులు ‘తగిన గ్లవ్స్, తగిన మాస్కు వాడండి’ అని ముగిస్తారు. ఆ ‘తగిన’ అనే మాట ఎవరికీ ఉపయోగపడదు. మనం రోజూ వాడే పలుచని నైట్రైల్ గ్లవ్స్‌లో నుంచి ఎండీసీ కొద్ది నిమిషాలలోనే లోపలికి చేరుతుంది. చేతికి చల్లగా తగిలిందంటే అప్పటికే దాటినట్టు. పాలీవినైల్ ఆల్కహాల్ గ్లవ్స్ గానీ, పలుపొరల లామినేట్ గ్లవ్స్ గానీ కావాలి; మొదటివి నీరు తగిలితే పాడవుతాయి కనుక నీటి పొరను వేరుచేసే లేయర్ సెపరేషన్ దగ్గర రెండోవే మేలు. ఇక ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ మాస్కులు దీన్ని ఎక్కువసేపు ఆపలేవు. అమెరికా ఓషా నిబంధన ఈ పనికి గాలి సరఫరా చేసే మాస్కులనే అడుగుతుంది.

ఎండీసీతో కలవకూడని పదార్థాలను చెప్పే పదో విభాగంలో అల్యూమినియం, క్షార లోహాలు, బలమైన క్షారాలు ఉన్నాయి, బాగుంది. కానీ నేను చూసిన కొన్ని షీట్లలో సోడియం అజైడ్ లేదు. సార్టాన్ (రక్తపోటు) మందుల తయారీలో టెట్రజోల్ అనే వలయం ఏర్పరిచే దశలో అజైడ్ వాడే యూనిట్లు మన దగ్గర ఉన్నాయి. మిగిలిన అజైడ్‌కు ఎండీసీ తగిలితే డైఅజిడోమీథేన్ అనే పేలుడు పదార్థం ఏర్పడవచ్చు. మంట విషయంలోనూ ‘అంటుకోదు’ అనే మాట పూర్తి నిజం కాదు. గాలిలో 13 నుంచి 23 శాతం మధ్య గట్టి నిప్పు తగిలితే ఈ ఆవిరి మండుతుంది. వెల్డింగ్ మంట దగ్గర విడిపోయి హైడ్రోజన్ క్లోరైడ్‌తో పాటు కొద్ది మొత్తంలో ఫాస్జీన్ అనే విషవాయువును ఇస్తుంది.

నా నిర్ణయం ఇది. కొత్త ప్రాసెస్‌కు ఎండీసీని మొదటి ఎంపికగా పెట్టవద్దు; ఇథైల్ అసిటేట్‌తో, 2-మిథైల్ టెట్రాహైడ్రోఫ్యూరాన్‌తో ముందు ప్రయత్నించండి. ఉన్న ప్రాసెస్‌లో మార్చలేని చోట, సరుకు ధరతో పాటు డేటా షీటును కూడా బేరంలో భాగం చేయండి: రెండో విభాగంలో వర్గాలన్నీ, ఎనిమిదో విభాగంలో గ్లవ్స్ పదార్థం పేరు, పదో విభాగంలో అజైడ్ ఉంటేనే ఆర్డర్. డ్రమ్ము మీది ఇంగ్లీషు లేబులు పక్కన యూనిట్ సొంతంగా తెలుగులోనూ, హిందీలోనూ, ఒడియా కార్మికులున్న చోట ఒడియాలోనూ ‘ఆవిరి పీలిస్తే స్పృహ తప్పుతుంది, వాసనను నమ్మవద్దు’ అని అతికించాలి. రికవరీ చేసిన ఎండీసీని పాత డ్రమ్ములోనే పాత లేబులుతో నింపే అలవాటును మానాలి. అందులో మిథనాల్ ఎక్కువగా మిగిలి ఉంటే ఎండీసీ ముందుగా ఆవిరైపోయి, అడుగున మండే ద్రవం మిగలవచ్చు. ఆ డ్రమ్ముకు ఎండీసీ వర్గీకరణ వర్తించదు. దానికి, ఏ పదార్థం ఎంత ఉందో చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీ నివేదిక తీసి, కొత్తగా వర్గీకరించి, కొత్త లేబులు వేయాలి.