ఫ్రిస్కోలో మా ఇండియన్ గ్రోసరీ: గోంగూరకి ఐదు స్టార్లు, పార్కింగ్‌కి ఒకటి

కొట్టు పేరు రాయడం లేదు. ఫ్రిస్కోలో ఉండేవాళ్లెవరు చదివినా ఇది మా ఇంటి దగ్గరిదే అనుకుంటారు, అనుకోనివ్వండి.

2011లో మేం డల్లాస్ పక్కన ఈ ఊరికి వచ్చినప్పుడు అది రెండే వరసల కొట్టు. కందిపప్పు, ఇడ్లీ రవ్వ, ఫ్రీజర్‌లో మునక్కాడ ముక్కలు, అంతే. గోంగూర కావాలంటే ముందే చెప్పిపెట్టాలి. ఓనర్ గుజరాతీ పెద్దాయన, శుక్రవారం రెండు కట్టలు మా పేరున పక్కన పెట్టేవారు.

ఇప్పుడు పక్క రెండు షాపులూ కలిపేసుకున్నారు. కలుపుకోక ఏం చేస్తారు, 2000 జనాభా లెక్కల్లో 33,714 మంది ఉన్న ఊరు 2010కి 1,16,989, 2020కి 2,00,509 అయింది. మా ఇంటి వెనక ఆవులు మేసిన చోట ఎలిమెంటరీ స్కూలు వచ్చింది. ఆఫీసులు పక్క ఊరు ప్లేనోలో, మంచి స్కూళ్లు ఇక్కడ, ఇంకేం కావాలి మనవాళ్లకి! శనివారం కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్లినవాళ్లలో సగం మంది బొట్టుతో నేరుగా ఇక్కడికే వస్తారేమో అనిపిస్తుంది, కారు పెట్టడానికి నేను ఇరవై నిమిషాలు తిరిగిన రోజులున్నాయి.

లోపల మాత్రం సరుకుకి వంక పెట్టలేం. కేరళ మట్ట బియ్యం, బెంగాలీల ఆవనూనె, హలీం మసాలా కోసం వచ్చే పాకిస్తానీ కుటుంబాలు, నేపాలీ క్యాషియర్లు. కూరగాయల దగ్గర పనిచేసే మెక్సికో అతనికి దోసకాయ, బీరకాయ, సొరకాయ పేర్లన్నీ వచ్చు. ఎర్ర కాడల కట్ట నా చేతిలో పెట్టి "పుల్లా గోంగూరా, గుడ్" అన్నాడొకసారి. మన పచ్చిమిర్చి అయిపోతే సెరానో మిరపకాయలు తీసుకెళ్లమన్నదీ అతనే, రోటి పచ్చడికి భేషుగ్గా కుదిరాయి. బెండకాయల మీద "కొసలు విరవకండి" అని ఇంగ్లీషులో ఒక బోర్డు, దాని కింద చేత్తో రాసిన తెలుగు. ఇంకే భాషలోనూ లేదు. సిగ్గేసింది కానీ నిజమే కదా, మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఆ బోర్డు చదువుతూనే రెండు విరిచింది.

ఒక్క విషయం మర్చిపోలేను. 2023 జులైలో ఇండియా బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు ఇక్కడ జనం సోనా మసూరి కోసం ఎగబడ్డారు, ఆ టెన్షన్‌లో నేనూ పరిగెత్తాను, ఈ కొట్టువాళ్లు పాత స్టాకు మీదే రాత్రికి రాత్రి రేటు పెంచారు. ఇంటికొక్క బస్తా అన్నారు, అది సబబే. ధర పెంచడం సబబు కాదు. ఆ పెద్దాయన కౌంటర్లో ఉండుంటే అలా చేసేవారు కాదని నా నమ్మకం, ఇప్పుడు మేనేజర్లే, మొహం చూసి పలకరించేవాళ్లు లేరు.

అయినా వెళ్తున్నాను. మీరూ వెళ్లండి, శనివారం వద్దు, మంగళవారం కూడా హనుమంతుడిదే కాబట్టి అదీ వద్దు. బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకి వెళ్తే గుమ్మం ముందే పార్కింగ్ దొరుకుతుంది, గోంగూర కూడా ఉంటుంది. పునుగులు మాత్రం అప్పటికి అయిపోతాయి.