పాత లారీ రేడియేటర్‌కి కొత్త కోర్ వేయిస్తున్నారా? రంగు కొట్టకముందే చూసుకోండి

టాటా 1210 లాంటి పాత లారీలు కొని బాగుచేయించుకుంటున్నవాళ్లు, మెర్సిడెస్ బెంజితో కలిసి టెల్కో (తర్వాతి టాటా మోటార్స్) కట్టిన కాలం (1954–1969) నాటి బండ్లు భద్రంగా దాచుకున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఈమధ్య ఒక 1210 రేడియేటర్‌కి "నాలుగు వరసల రాగి కోర్" అని చెప్పి డబ్బు తీసుకున్నారు. కోర్ అంటే రేడియేటర్ మధ్య భాగం: నీళ్లు పారే గొట్టాల వరసలు, ఆ వేడిని గాలికి వదిలే పల్చటి రేకులు (ఫిన్లు). చూడ్డానికి నల్లరంగుతో నిగనిగలాడుతోంది, ఎక్కడా లీకు లేదు. ఖాళీ బండి తోలితే టెంపరేచర్ మీటరు సూది బుద్ధిగానే ఉంది. లోడు వేసి ఘాట్ ఎక్కగానే నీళ్లు పొంగాయి. షాపు పేరు రాయడం లేదు, ఇలాంటి పని ఏ ఊళ్లోనైనా జరగొచ్చు.

కోర్ దించి రంపంతో కోసి చూస్తే వరసలు మూడే ఉన్నాయి. మందం తగ్గినట్టు బయటికి కనపడకుండా పక్క రేకులు మాత్రం పాత వెడల్పువే ఉంచారు. ఫిన్లు ఇనప రేకు మీద రాగి పూత. అన్నిటికన్నా ఘోరం, ఫిన్ను గోటితో నెడితే గొట్టం మీద పైకీ కిందికీ జరుగుతోంది! అంటే టంకం పట్టలేదు, ఊరికే తొడిగారు. గొట్టంలోని వేడి ఫిన్నుకి పోవాలంటే ఆ టంకమే దారి. పైగా రాగితో పోలిస్తే ఇలాంటి ఇనప (స్టీలు) రేకు వేడిని దాదాపు ఏడెనిమిదో వంతే మోస్తుంది. ఒకట్రెండు వానాకాలాలు గడిస్తే తుప్పు పట్టి ఫిన్లు రాలిపోవడం కూడా ఖాయం. లీకు పరీక్షలో ఇవేవీ దొరకవు, అందుకే ఇంత ధైర్యంగా అంటగడుతున్నారు.

కాబట్టి కోర్‌కి పైనా కిందా ఉండే ట్యాంకులు అతికించకముందు, రంగు కొట్టకముందు షాపుకి వెళ్లండి. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి. పక్క రేకులు మామూలుగానే ఇనుమువి, అక్కడ అంటుకుంటే తప్పేం లేదు. ఫిన్లకి, గొట్టాలకి మాత్రం అంటుకోకూడదు. అల్యూమినియానికి కూడా అంటుకోదు కాబట్టి ఒక మూల గీకి రంగు చూడండి: ఫిన్ను ఎర్రగా, గొట్టం ఇత్తడి పసుపులో ఉండాలి. పై ప్లేటులో రంధ్రాల వరసలు పాత కోర్‌తో పోల్చి లెక్కపెట్టండి. సన్న స్క్రూడ్రైవర్‌తో నాలుగైదు చోట్ల ఫిన్ను నెట్టండి, కదలకూడదు. వరసలు, ఎత్తు, వెడల్పు, ఏ లోహం అన్నది బిల్లు మీద రాయించండి. పాత కోర్ రాగి, ఇత్తడి తుక్కు. దానికి మంచి ధర పలుకుతుంది. మీ ఎదుటే తూకం వేయించి బిల్లులో తగ్గించుకోండి, లేదా ఇంటికి తెచ్చుకోండి.

అసలు కోర్ మార్చాలా అన్నది ముందు తేల్చుకోవాలి. రేడియేటర్ దించి కింది మూతి మూసి నీళ్లు నింపి ఒక్కసారిగా వదిలితే ధారగా దూకాలి. నీళ్లు సన్నగా జారితే గొట్టాలు పూడినట్టే. గొట్టాలు గట్టిగా ఉంటే పై ట్యాంకు విప్పించి ఒక్కో గొట్టంలో సన్నని స్టీలు పట్టీ ఆడించి పూడిక తీయించవచ్చు. ఉప్పునీటి వల్ల లోపల పట్టిన పొర పల్చగా ఉంటే 20 లీటర్ల వేడినీళ్లలో కిలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి ఓ గంట ఉంచి, తర్వాత వంటసోడా కలిపిన నీళ్లతోనూ మంచినీళ్లతోనూ బాగా కడిగితే చాలు. "యాసిడ్ పోస్తే ఐదు నిమిషాల్లో అయిపోద్ది" అంటే మాత్రం ఒప్పుకోవద్దు, బాత్రూం యాసిడ్ టంకాన్నీ ఇత్తడినీ తినేస్తుంది. లీకు ఆపడానికి పసుపు వేసే అలవాటు మన డ్రైవర్లకి ఉంది. దారిలో ఆగిపోయినప్పుడు ఇంటికి చేరడానికి పనికొస్తుంది గానీ, ఆ ముద్ద తర్వాత గొట్టాల మూతుల దగ్గరే గట్టిపడుతుంది.

పని అయ్యాక నీళ్ల తొట్టిలో ముంచి, మూత మీద రాసిన ప్రెషర్ ఎంతో అంతే గాలి పెట్టించండి. గట్టితనం చూపిస్తామని ఎక్కువ కొడితే మంచి టంకమూ విడుతుంది. రంగు పల్చగా ఒక్క పూతే వేయించండి. దళసరి రంగు ఫిన్లకి దుప్పటి కప్పినట్టే.

కొత్త కోర్ బిగించేముందు ఇంజన్ బ్లాకు కడగాలి. చాలామంది ఇది వదిలేస్తారు, బ్లాకులో పేరుకున్న తుప్పు నేరుగా వచ్చి కొత్త గొట్టాల్లో కూర్చుంటుంది. డ్రెయిన్ తిప్పి, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) తీసి, పైనుంచి కిందికి తేటనీళ్లు వచ్చేదాకా నీళ్లు పెట్టండి. థర్మోస్టాట్‌ని మళ్లీ బిగించడం మరవొద్దు. "అది లేకుంటేనే చల్లగా ఉంటది" అన్న మాట నమ్మితే, బైపాస్ ఉన్న ఇంజన్లలో వేడినీళ్లు రేడియేటర్‌కి సరిగా పోకుండా అడ్డదారిన తిరిగొస్తాయి. బోరు నీళ్లు పోయకండి. డిస్టిల్డ్ వాటర్‌లో, రాగి ఇత్తడి రేడియేటర్లకి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న కూలెంట్‌నే కలపండి.

మొదటి వంద కిలోమీటర్లు తిరిగాక, ఇంజన్ పూర్తిగా చల్లారనిచ్చి నీళ్లు దించి తెల్లబట్టలో వడకట్టండి. ఎర్రపొడి కనపడితే బ్లాకు ఇంకోసారి కడగాల్సిందే.